42-42 చేసుకోవచ్చుగా, ఎందుకు చేసుకోలేదు?

ఆఫీసులో ఎవరైనా కాలేజ్ ఫుట్‌బాల్ టాపిక్ ఎత్తారంటే నేను తిప్పి తిప్పి ఒకే మ్యాచ్ దగ్గరికొస్తాను, 2007 జనవరి 1, ఫియస్టా బౌల్ (సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్), ఓక్లహోమా వర్సెస్ బోయిసీ స్టేట్, అమెరికన్ ఫుట్‌బాల్ సుమా. ఎన్నిసార్లని చెప్తాం, రాసి పడేస్తే పోలా.

అప్పుడు నేను నార్మన్‌లో, అంటే ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న ఊళ్లో, ఎంఎస్, వచ్చి నాలుగు నెలలు. సెలవులకి ఊరు ఖాళీ, నాకు కారు లేదు. రూమ్మేట్ రెండేళ్లు సీనియర్, ఓక్లహోమా ఎర్ర టోపీ పెట్టుకుని టీవీ ముందు సెటిలైపోయాడు. "అన్నా, ఈ బోయిసీ ఎక్కడుంది?" అంటే "ఐడహోలోరా, వాళ్ల గ్రౌండ్‌లో గడ్డి నీలంగా ఉంటుంది, అంతకుమించి ఏం లేదక్కడ" అన్నాడు. గడ్డి సంగతి నిజమే, 1986 నుంచీ నీలమే. 12కి 12 గెలిచొచ్చినా చిన్న కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే టీమ్‌ల గుంపు) కదా, పెద్ద టీమ్ తగిలితే తేలిపోతారనే అందరి లెక్క. ఇటేమో కోచ్ బాబ్ స్టూప్స్, బాల్ పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఏడ్రియన్ పీటర్సన్.

థర్డ్ క్వార్టర్లో చూస్తే బోయిసీ 28, ఓక్లహోమా 10. మావాడు టోపీ తీసి సోఫా మీద పడేశాడు. అక్కణ్ణుంచి ఓక్లహోమా ఒక్కో మెట్టూ ఎక్కి 1:26 ఉందనగా 28-28 చేసింది, ఆ వెంటనే బోయిసీ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) జబ్రాన్స్కీ వేసిన బాల్ ఓక్లహోమావాడు మధ్యలో పట్టేసి టచ్‌డౌన్ (అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు, ఆపై కిక్ కొడితే ఇంకొకటి) దాకా పరిగెత్తాడు, 35-28. టోపీ మళ్లీ నెత్తికెక్కింది. ఇంకేముంది అయిపోయిందని నేను పొద్దుటి పప్పు స్టవ్ మీద పెట్టడానికి లేచా.

"రేయ్, రా రా, ఫోర్త్ డౌన్!"

పది గజాలకి నాలుగు ఛాన్సులు, నాలుగోది పోతే బాల్ అవతలోళ్లది, మన కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాగన్నమాట. వెనక్కి నెట్టించుకున్న బోయిసీకి ఇంకా 18 గజాలు కావాలి, 18 సెకన్లే ఉన్నాయి. జబ్రాన్స్కీ మధ్యలోకి డ్రిసాన్ జేమ్స్‌కి వేశాడు, జేమ్స్ పట్టి, ఎదురుగా అడ్డంగా వస్తున్న జెరార్డ్ రాబ్‌కి అలా వదిలేశాడు, డిఫెన్స్ మొత్తం జేమ్స్ మీద పడుతుంటే రాబ్ ఎడమ అంచు పట్టుకుని వెళ్లిపోయాడు. 7 సెకన్లుండగా 35-35.

అందరూ ఆ ప్లే గురించే చెప్తారు. నాకు మాత్రం అసలు దెబ్బ ఓవర్‌టైమ్‌లోది.

ఓవర్‌టైమ్‌లో 25 గజాల లైన్ నుంచి చెరొక ఛాన్స్. పీటర్సన్ మొదటి ప్లేలోనే 25 గజాలూ లాగేశాడు, కిక్‌తో 42. బోయిసీ మళ్లీ ఫోర్త్ డౌన్ దాకా వచ్చి, ఈసారి క్వార్టర్‌బ్యాక్ కాని పెరెట్టా చేత పాస్ వేయించి టచ్‌డౌన్ కొట్టింది, 42-41. కిక్ కొడితే 42-42 సమానం, ఇంకో ఓవర్‌టైమ్. బోయిసీ హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదిలో ఉన్న క్రిస్ పీటర్సన్ కిక్ వద్దని, ఒక్క ప్లేలో మళ్లీ గీత దాటితే వచ్చే రెండు పాయింట్లకి వెళ్లాడు. పిచ్చి తెగింపు అన్నారు గానీ, నా లెక్కలో అదే తెలివైన పని, ఆట సాగేకొద్దీ బలమున్నవాడిదే పైచేయి, ఒక్క ప్లేతో తేల్చేస్తే గారడీకి చోటుంటుంది.

నిజంగా గారడీయే. జబ్రాన్స్కీ కుడివైపు చూస్తూ కుడి చెయ్యి విసిరాడు, ఆ చేతిలో ఏమీ లేదు. బాల్ ఎడమ చేతిలో, నడుం వెనకాల. బోయిసీ రన్నింగ్ బ్యాక్ ఇయాన్ జాన్సన్ వెనకనుంచి వచ్చి అందుకుని ఖాళీగా ఉన్న ఎడమవైపు నడిచినట్టే వెళ్లిపోయాడు. 43-42. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ అంటారు ఈ ప్లేని. కాసేపటికి ఆ జాన్సనే టీవీలో లైవ్‌గా చీర్‌లీడర్ గర్ల్‌ఫ్రెండ్ ముందు మోకాలి మీద కూర్చుని పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాడు. (ఆ సీజన్లో పెద్ద డివిజన్‌లో ఒక్కటీ ఓడనిది బోయిసీయే, ఛాంపియన్ మాత్రం ఫ్లోరిడా. ఆ కోపం నాకింకా ఉంది.)

మావాడు మాట్లాడకుండా టీవీ కట్టేశాడు. అప్పుడు తగిలింది ముక్కుకి, పప్పు మాడిన వాసన.