బస్సులో బేల్దారాయన అడిగిన ప్రశ్న

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి పోతా ఉంటే పూతలపట్టు దాటినాక, ఆర్టీసీ బస్సులో ఆడోళ్ళకి ఉచితం కాబట్టి కండక్టర్ నా ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టిచ్చాడు, వెనక్కి తిరిగి పక్క వరసలో కూర్చున్నాయన దగ్గర డబ్బులు తీసుకున్నాడు. ఆయన బేల్దారి పనికి పోతా ఉండాడు, కాళ్ళ దగ్గర సంచిలో తాపీ, దాని పిడి మీద ఎన్నాళ్ళదో సిమెంటు గట్టిపడిపోయి ఉంది. నా చేతి మీద నల్లకోటు చూసి నన్నే అడిగాడు, "పాపా, నువ్వు లాయరమ్మవి గదా, చట్టం ముందర అందరూ సమానం అంటారు, మరి ఆడోళ్ళకి ఉత్తగా, మాకేమో దుడ్డు. ఇదేం సమానం?"

నేను టక్కున చెప్పేశాను, రాజ్యాంగంలో 15వ అధికరణం మూడో క్లాజు ఉందన్నా, స్త్రీలకీ పిల్లలకీ ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చు అని. ఆయన నన్ను చూసి "అట్ల రాసుకున్నారు, సరే. ఎందుకు రాసుకున్నారు?" అన్నాడు. అప్పటి నుంచి అదే మాట బుర్రలో తిరుగుతా ఉంది, ఎందుకంటే ఆయన అడిగిందే అసలు ప్రశ్న, నేను చెప్పింది క్లాజు నంబరు మాత్రమే.

ఆయన అన్న సమానం రాజ్యాంగం 14వ అధికరణంలో ఉంది, దాంట్లో రెండు ముక్కలుంటాయి. చట్టం ముందు సమానత్వం అనేది ఇంగ్లీషోళ్ళ దగ్గర నుంచి వచ్చింది, చట్టాల సమాన రక్షణ అనేది అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణలోది. మొదటిది ఎంత పెద్దోడైనా చట్టానికి లోబడాల్సిందే అంటుంది. రెండోదే చిక్కు, ఒకే పరిస్థితిలో ఉన్నోళ్ళని ఒకేలా చూడమంటుంది, మరి ఎవరిది ఒకే పరిస్థితి అని తేల్చేదెవరు? సమానత్వం గురించి ఆలోచించినోళ్ళంతా గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కాలం నుంచీ ఆగేది ఇక్కడే. తేడా చూపించని చట్టం ప్రపంచంలో లేదు కదా, పద్దెనిమిదేళ్ళు నిండితే ఓటు, నిండకపోతే లేదు, అదీ తేడానే.

అందుకే మన సుప్రీంకోర్టు తేడా చూపించావా లేదా అని అడగదు, కారణం చెప్పు అంటుంది. ఎవరిని ఎందుకు వేరు చేశావో అర్థమయ్యేలా ఉండాలి, ఆ వేరు చేయడానికీ నువ్వు సాధించాలనుకున్నదానికీ సంబంధం ఉండాలి. 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసు చూడండి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కేసులు తొందరగా తేలాలని ప్రత్యేక కోర్టులు పెట్టి, ఏ కేసునైనా అక్కడికి పంపొచ్చు అని చట్టంలో రాసుకుంది, ఏ కేసు పంపాలి, ఎందుకు పంపాలి అనేదానికి కొలత ఏమీ లేదు, ఇష్టమొచ్చింది పంపొచ్చు. అది చెల్లదని కొట్టేశారు. 1974లో రోయప్ప కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ఇష్టారాజ్యంగా చేయడమే సమానత్వానికి శత్రువు అన్నారు. నాకు ఈ మాట చాలా ఇష్టం. సమానత్వం అంటే నాకు కారణం చెప్పించుకునే హక్కు అని నేను గట్టిగా నమ్ముతాను.

కొన్ని కారణాలు మాత్రం అసలు కారణాలే కావు. మా తాత ఎనిమిదో క్లాసు దాకా చదివాడు, ఊళ్ళో అందరి అర్జీలూ ఆయనే రాసిపెట్టేవాడు, ఊరి మునసబు ఉద్యోగం మాత్రం ఆయన చేతికి వచ్చేది కాదు. చిత్తూరు అప్పట్లో మద్రాసు కింద ఉండేది, 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం మునసబు, కరణం పదవులు కొన్ని ఇళ్ళలో వంశపారంపర్యంగా పోయేవి. ఆ ఇంట్లో పుట్టాలి, అంతే. గుంటూరు వైపు గాజుల దశరథరామారావు అనే ఆయన దీని మీద సుప్రీంకోర్టు దాకా పోయాడు, వంశం చూసి మాత్రమే ప్రభుత్వ ఉద్యోగం ఇస్తే, ఆ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలనే 16వ అధికరణానికి విరుద్ధం అని ఆయన పక్షాన తీర్పొచ్చింది. 1960 డిసెంబరులో. మా తాతకి ఆ తీర్పు సంగతి తెలీదు, నేను లా చదివేటప్పుడు చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మేం అడగొచ్చా అప్పుడు" అన్నాడు. ఇది రాస్తా ఉంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది నాకు.

సరే, బస్సులోకి వస్తాను. నేను సర్దుకునేలోపల ముందు సీట్లో కరివేపాకు మూట ఒళ్ళో పెట్టుకున్న అక్క తిరిగింది. "నువ్వు పనిచేసే కాడ మొగకూలికి ఎంత, ఆడకూలికి ఎంత అన్నా?" అంది. ఆయన చెప్పలేదు. ఇటుకలు మోసేదీ, సిమెంటు మాలు అందించేదీ ఆడోళ్ళే, సాయంత్రం చేతికొచ్చేది తక్కువ, సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చినా. నేను క్లాజు నంబరుతో చెప్పలేకపోయిన కారణాన్ని ఆ అక్క ఒక్క ప్రశ్నతో చెప్పేసింది. సంపాదన చేతిలో తక్కువ, బయటికి పోవాలంటే ఇంట్లో చార్జీకి అడగాలి, కాబట్టి 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడోళ్ళకి బస్సు ఉచితం చేసి ఆ అడ్డం ఒకటి తీసేశారు. ఇది నిలబడే కారణమే.

కానీ అక్కడితో ఆయన ప్రశ్న అయిపోలేదు అని నా మనసు చెప్తా ఉంది. అదే బస్సులో నేనూ ఉచితంగానే కూర్చున్నా, నాకు ఆ డబ్బులు పెద్ద లెక్క కాదు, ఆయనకి లెక్కే. కోర్టుకి పోతే ప్రభుత్వం అన్ని కష్టాలూ ఒకేసారి తీర్చక్కర్లేదు, ఒకటొకటిగా తీర్చొచ్చు అంటారు, చట్టంగా అది సరైందే. జాన్ రాల్స్ లాంటి తత్వవేత్తని అడిగితే, అందరికన్నా కింద ఉన్నోళ్ళకి మేలు జరిగేట్టయితేనే ఎక్కువ తక్కువలు ఒప్పుకోవచ్చు అంటాడు, మరి ఈ బస్సులో అందరికన్నా కింద ఉన్నదెవరు? కరివేపాకు అక్కా? బేల్దారాయనా? నేనైతే కాదు. ఆడోళ్ళకి ఉచితం తీసేయమని నేను ఛస్తే అనను. ఆయనలాంటోళ్ళకి కూడా ఒక పాస్ ఉండాలి అంటాను, అది ఆయన అడగొచ్చు, అడగాలి.

చంద్రగిరి దగ్గర ఆయన టికెట్టుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంటా ఉంటే, మేస్త్రీకి చూపిస్తే చార్జీ ఇస్తాడా అన్నా అని అడిగాను. "యాడ ఇస్తాడు పాపా" అని, దిగేటప్పుడు ఆ అక్క కరివేపాకు మూటని కూడా భుజానికెత్తుకుని దించిపెట్టాడు.