వట్టి గ్యాసే అన్నారు

ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. పోయిన చలికాలంలో అయితే మంచం చూస్తేనే భయం వేసేది. మాది విజయనగరం, గజపతినగరం దగ్గర ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. పొద్దున్నే బస్సు, మధ్యాహ్నం చల్లారిపోయిన క్యారేజీ, రాత్రి పిల్లల హోంవర్కులు అయ్యాక పదింటికి భోజనం, వెంటనే పడక. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, పొడిదగ్గు చాలా నెలలుగా ఉన్నాయి. గొంతు బొంగురుపోతే టీచర్లకు మామూలే అనేవారు అందరూ.

ఆ రాత్రి మా వారు నైట్ డ్యూటీలో ఉన్నారు. మంచి నిద్రలో ఉండగా గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నాయి, లేచి కూర్చుని నోరు తెరిచినా గాలి లోపలికి వెళ్లలేదు, ఈల వేసినట్టు చప్పుడొకటి వచ్చింది అంతే. కాసేపటికి ఊపిరి అందింది గానీ రొమ్ము ఎముక వెనక మొదలైన మంట వీపులోకి పాకింది, ఒళ్లంతా చెమటలు. అత్తయ్య పరుగున వచ్చి "ఏటమ్మా, ఏటైపోనాది?" అంటూ వీపు రాస్తూనే ఉంది. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్లను చూసి పైడితల్లమ్మకు మొక్కుకున్నాను, వీళ్లు పెద్దవాళ్లయ్యేదాకా నన్ను ఉంచు తల్లీ అని. ఎదురింటి అబ్బాయి ఆటో తీశాడు. నిద్రలోంచి లేచి చెప్పులైనా వేసుకోకుండా వచ్చాడు, ఆ పిల్లాడి మేలు మరచిపోలేను.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. అంతవరకు చేసింది సరైనదే, ఛాతీలో మంట అంటే ముందు గుండెనే చూడాలి. కానీ ఆ డ్యూటీ డాక్టరు ఫోన్లోంచి తలెత్తకుండా "వట్టి గ్యాస్ అమ్మా. ఇంతదానికి అర్ధరాత్రి ఊరంతా లేపాలా? ఆడవాళ్లు టెన్షన్ తగ్గించుకుంటే సగం రోగాలుండవు" అన్నాడు. పక్క మంచం దగ్గరున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వల్ల తర్వాత ఎంత మంట వచ్చినా ఇంట్లో నోరు విప్పలేదు. రాత్రంతా గోడకానుకుని కూర్చునేదాన్ని. రోగం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ తిన్నది, ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

చివరికి మా ఆడపడుచు పట్టుబట్టి శ్రీకాకుళంలో ఒక గ్యాస్ట్రో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఎండోస్కోపీ అయింది, అనుకున్నంత కష్టం కాదు. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అన్నవాహిక పొట్టతో కలిసేచోట మూతలాంటి కండరం ఉంటుందట, నాకు అది వదులైంది, పొట్ట పైభాగం కొద్దిగా ఛాతీలోకి జారింది. హయాటస్ హెర్నియా అంటారు. అందుకే పొట్టలోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నేది, దగ్గు, బొంగురు గొంతు కూడా దాని పుణ్యమే. "ఊపిరాడకపోతే ఎవరైనా భయపడతారమ్మా" అన్నారావిడ. అక్కడే ఏడ్చేశాను. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర టిఫినుకు అరగంట ముందు వేసుకోమన్నారు. అంతకుముందు మందుల షాపులో అదే మాత్ర ఇచ్చి తిన్నాక వేసుకోమని పంపారు. ఇలాంటివి కూడా చెప్పేవాళ్లు లేకపోతే ఎలా?

ఇక చిట్కాలు. మనకు మంట అని తెలిస్తే చాలు, ప్రతి ఇంటి నుంచీ ఒక వైద్యం వస్తుంది. వంట సోడా నీళ్లు కాసేపు చల్లగా ఉన్నట్టే ఉంటుంది, కానీ దాన్నిండా సోడియమే, బీపీ ఉన్నవాళ్లు రోజూ తాగితే ప్రమాదం. పరగడుపున నిమ్మరసం తేనె నాకు నిప్పే. పుదీనా ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తుందట, అందుకే మానేశాను. వాము, జీలకర్ర నీళ్లు పొట్ట ఉబ్బరానికి హాయిగా ఉంటాయి, మంటకు మాత్రం అంతంతే. అత్తయ్య కాచే చోడంబలిలో, అంటే రాగి అంబలిలో, పుల్లగా లేని పల్చటి మజ్జిగ కలుపుకుంటే నాకు బాగా సరిపోయింది. అన్నం నీళ్లు పులియబెట్టిన తరవాణి పడలేదు, ఆ మాట చెప్పినప్పుడు అత్తయ్య కొంచెం నొచ్చుకుంది, వాళ్లింట్లో తాతల నాటి నుంచీ అదే కదా.

నిజంగా నన్ను బాగు చేసినవి నోట్లో వేసుకునేవి కావు. ఏడింటికల్లా రాత్రి భోజనం, పడుకోవడానికి మూడు గంటల ముందే. ఎడమ వైపు తిరిగి పడుకోవడం, అప్పుడు పొట్టలోని ఆమ్లం అన్నవాహిక కంటే కిందుగా ఉండిపోతుంది. తలవైపు మంచం కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు. రెండు దిండ్లు పెట్టుకుంటే నడుం దగ్గర వంగి పొట్ట నొక్కుకుపోయి ఇంకా ఎగదన్నేది. ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలు పెరట్లోంచి అత్తయ్యే మోసుకొచ్చి పెట్టింది, ఆ వయసులో. ఆ రుణం తీర్చుకోలేను.

ఇంకొకటి. మా వారి వైపు చుట్టాలు కవిటి దగ్గర. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఆ ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లను చూసినవాళ్లు కాబట్టి "ఈ మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి" అని భయపెట్టారు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, అందుకే డాక్టరమ్మనే అడిగాను. అక్కర్లేకుండా ఏళ్ల తరబడి వాడకూడదు, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిసేలా మధ్యలో క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి, అంతకంటే ముందు ఒళ్లునొప్పులకు షాపులో కొనే నొప్పి బిళ్లలు మానేయండి, అవి పొట్టకీ కిడ్నీకీ రెండింటికీ చెరుపే అన్నారు. అత్తయ్య మోకాళ్లకని దాచుకున్న బిళ్లలు ఆ రోజే పారేశాం.

మింగుడు పడకపోయినా, బరువు తగ్గిపోతున్నా, నల్లటి విరేచనం అయినా చిట్కాలతో కూర్చోకండి. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది గ్యాసో గుండెనో మీరు తేల్చుకోవద్దు, 108కి ఫోన్ చేయండి, అవతల డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవానికి వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. అమ్మవారు చూసింది, డాక్టరమ్మా చూశారు, నాకు రెండూ నిజమే. మాత్ర ఇప్పుడు ఆవిడ చెప్పినట్టే రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. సంక్రాంతి దాటాక పూర్తిగా ఆపి చూద్దామన్నారు.