జత చేశానని రాసి, జత చేయకుండా పంపిన ఉత్తరం

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేస్తుంటాను. ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఎక్కువ, తెలుగు నుంచి ఇంగ్లీషుకి కొంచెం తక్కువ. పని పూర్తయ్యాక ఫైలు మెయిల్‌లో పంపాలి. ఆ చివరి మెట్టు దగ్గరే ఒకసారి పెద్ద తప్పు చేశాను.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక పుస్తకం పని ముగించాను. ‘చివరి ప్రతి జతచేశాను, చూసి ప్రెస్సుకి ఇవ్వగలరు’ అని రాసి పంపేశాను. అత్తయ్యకు అలిపిరి మెట్ల మొక్కు ఉంది, ఆమెతో కొండకి బయల్దేరాను. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. దర్శనానికి వెళ్ళే ముందు ఫోను కౌంటర్లో ఇచ్చేశాం. సాయంత్రం ఫోను చేతికొచ్చేసరికి ఏడు మిస్డ్ కాల్స్, ఒక మెసేజి: ‘మేడమ్, మెయిల్ వచ్చింది, ఫైలు లేదు.’ ప్రెస్సు వాళ్ళు మధ్యాహ్నం దాకా చూసి వేరే పని ఎక్కించుకున్నారట. ఆ పని ఇచ్చిన ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

అప్పటిదాకా నేను వాడే మెయిల్, ఇంగ్లీషులో రాసి ఫైలు పెట్టడం మరిచిపోతే ‘ఏదో జతచేశానన్నారు, కనబడలేదే’ అని ఆపేది. ఆ రోజు నేను రాసింది తెలుగులో. అది అడగలేదు. తెలుగులో రాస్తే కూడా అడిగేది కావాలని ఆ రాత్రే అనుకున్నాను.

నా పదకోశాలు, చిత్తుప్రతులు అన్నీ చాలాకాలంగా ఈమాక్స్‌లోనే ఉన్నాయి. ఈమాక్స్ 1976లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో పుట్టిన టెక్స్ట్ ఎడిటర్, అంటే రాతలు రాసుకుని దిద్దుకునే ప్రోగ్రాము. దాన్ని మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, అదే దాని గొప్పతనం. చిత్తూరులో ఉండే మా తమ్ముడు ఫోన్లో జరిగింది విని, ‘అక్కా, రోజంతా దాంట్లోనే ఉంటావు కదా, ఉత్తరం రాయడానికి మాత్రం బయటికి ఎందుకు పోతావు? దాంట్లోంచే పంపొచ్చు’ అన్నాడు. ఆ ఆదివారం బస్సెక్కి వచ్చి ఒక పూట నా పక్కన కూర్చున్నాడు.

రాయడం తేలికే. కంట్రోల్ ఎక్స్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కితే ఖాళీ ఉత్తరం తెరుచుకుంటుంది. పైన ఎవరికి, విషయం అన్న గళ్ళు. వాటి కింద ‘టెక్స్ట్ ఫాలోస్ దిస్ లైన్’ అని ఒక గీత. దానికి పైన ఉన్నది కవరు మీది చిరునామా లాంటిది, కింద ఉన్నది ఉత్తరం. ఆ గీతను చెరపకూడదు. మొదటివారంలో రెండుసార్లు చెరిపేశాను, పైది ఏదో కిందది ఏదో దానికి తెలియక ఉత్తరం కదల్లేదు. కంట్రోల్ సి రెండుసార్లు నొక్కితే ఉత్తరం వెళ్తుంది. కంట్రోల్ సి, కంట్రోల్ ఏ నొక్కితే ఫైలు జత అవుతుంది.

పంపడం దగ్గర మాత్రం ఆ పూటంతా పోయింది. నాది జీమెయిల్. మామూలు పాస్‌వర్డ్ పెడితే బయటి ప్రోగ్రాములను రానివ్వదు. ముందు రెండంచెల ధృవీకరణ ఆన్ చేసుకుని, ఆ తర్వాత 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్, అంటే బయటి ప్రోగ్రాము కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్, తీసుకోవాలి. దాన్ని ఒక చిన్న ఫైల్లో, ఉత్తరం పంపే సర్వర్ పేరు, పోర్టు నంబరుతో (సర్వరులోకి ఏ ద్వారం గుండా వెళ్ళాలో చెప్పే అంకె) రాసిపెడితే ఈమాక్స్ చదువుకుంటుంది. అన్నీ రాసినా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. టెన్షన్ పెరిగిపోయింది. చివరికి తమ్ముడే కనిపెట్టాడు. సెట్టింగుల్లో 587 అని ఉంది, పాస్‌వర్డ్ ఫైల్లో 465 అని రాశాను. రెండూ చెల్లే పోర్టులే. కానీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంటే ఆ పాస్‌వర్డ్ ఈ సర్వరుదే అని దానికి తెలియదు. అంకె మార్చగానే వెళ్ళింది. ఆ ఫైలును అలా తెరిచి ఉంచొద్దని జీపీజీ అనే, ఫైళ్ళను రహస్య సంకేతాల్లోకి మార్చే ప్రోగ్రాముతో తాళం కూడా వేయించాడు. ఇది ఎవరూ మానకూడని పని.

అక్షరాలు చక్కగా కనబడటానికి తెలుగుకి నోటో సాన్స్ తెలుగు ఫాంటును కేటాయించాం. ఈమాక్స్ 27వ వెర్షన్ నుంచి వత్తులు, గుణింతాలు హార్ఫ్‌బజ్ అనే, అక్షరాలను కూర్చే ప్రోగ్రాము సాయంతో సరిగ్గా కూర్చుంటాయి. నా దగ్గర ఉన్నది అంతకన్నా కొత్తదే కాబట్టి ఇబ్బంది రాలేదు. టైపు చేయడానికి దాంట్లోనే ఉన్న తెలుగు ఐట్రాన్స్ చాలు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది.

ఇంకో చిక్కు, నేను పంపిన మెయిల్ ఫోన్లో చూసుకున్నాకే తెలిసింది. ఈమాక్స్ ఉత్తరంలో లైను 72 అక్షరాల దగ్గర దానంతటదే తెగుతుంది. ఫోను తెర అంత వెడల్పు ఉండదు, అక్కడ మళ్ళీ తెగుతుంది. ఒక పొడుగు లైను, ఒక పొట్టి లైను, మళ్ళీ పొడుగు. నా క్లయింట్లలో చాలామంది ఫోన్లోనే చదువుతారు. అనువాదకురాలి ఉత్తరమే అంత చిందరవందరగా ఉంటే పని ఎలా ఉంటుందనుకుంటారు? ఆ తెంపడం ఆపేసి, పేరా మొత్తం ఒకే లైనుగా ఉంచాను. మెయిల్లో ఒక లైను 998 అక్షరాలు దాటకూడదన్న నియమం ఉంది. ఎలా అని భయపడ్డాను. పంపేటప్పుడు ఈమాక్స్ దాన్ని సంకేతాల్లోకి మార్చి చిన్న ముక్కలు చేస్తుంది, అందుకున్నవాళ్ళ దగ్గర అవి మళ్ళీ ఒక్కటవుతాయి.

ఇక అసలు పని. ఉత్తరం బయటికి వెళ్ళే ముందు మనం రాసిపెట్టిన పరీక్షను ఈమాక్స్ నడుపుతుంది. ఆ చోటిని ‘మెసేజ్ సెండ్ హుక్’ అంటారు. పరీక్షలో తప్పు దొరికితే పంపడం ఆగిపోతుంది, ఉత్తరం ఉన్నదున్నట్టు మిగులుతుంది. ఫైలు జత చేస్తే ఉత్తరంలో ‘పార్ట్’ అనే ట్యాగు, అంటే ఈమాక్స్ పెట్టుకునే గుర్తు, చేరుతుంది. కాబట్టి నా పరీక్ష చిన్నదే: ఉత్తరంలో ‘జత’ అన్న మాట ఉండి, ఆ ట్యాగు లేకపోతే, ‘ఫైలు లేదు, అయినా పంపాలా?’ అని అడగాలి.

‘జతచేశాను’ అని పూర్తిగా పెట్టలేదు. తెలుగులో క్రియ ఒక చోట నిలవదు. జతచేశాను, జతచేస్తున్నాను, జత చేశాం, జతపరిచాను. అన్నిటికీ మొదలు ‘జత’ కాబట్టి దాన్నే పట్టుకున్నాను. అటాచ్, ఎటాచ్ అని రెండు రకాలుగా రాస్తాం కనుక, రెండింట్లోనూ ఉన్న ‘టాచ్’ పెట్టాను.

మూడు రోజులు బాగా నడిచింది. తర్వాత ఒక స్కూలు వాళ్ళ ప్రత్యేక సంచిక పని వచ్చింది. వాళ్ళకి ఏం రాసినా, ఫైలు అవసరమే లేని రెండు ముక్కల జవాబు రాసినా, ‘ఫైలు లేదు’ అని అడుగుతోంది. ఎందుకో ఎంతకీ అర్థం కాలేదు. ఉత్తరాన్ని ఒక్కో మాటే చెరుపుతూ పోతే దొరికింది. ‘రజతోత్సవం’! కంటికి మనకు ‘తో’ ఒకటే అక్షరం. కంప్యూటరుకి అది త, పక్కన ఓత్వం, రెండు వేర్వేరు సంకేతాలు. ‘శ్రీ’ అన్నది కూడా దానికి నాలుగు సంకేతాలు. అంటే రజతోత్సవంలో జ, త పక్కపక్కనే ఉన్నాయి. ‘జత’కి ముందు ఖాళీ గానీ లైను మొదలు గానీ ఉండాలని షరతు పెట్టాక సరిపోయింది. తెలుగు అక్షరం లోపల ఎలా కట్టి ఉంటుందో ఇన్నేళ్ళ అనువాదంలో నేర్చుకోనిది ఆ పూట నేర్చుకున్నాను. నాకు చాలా సంతోషం కలిగించిన పూట అది.

జవాబుల్లో ఇంకోటి. ‘మీరు జతచేసిన ఫైలు చూశాం’ అని అవతలివాళ్ళు రాసింది నా జవాబు కింద ఉంటుంది కదా, దాన్ని చూసి కూడా అడిగేది. అలాంటి లైన్ల మొదట బాణం గుర్తు ఉంటుంది. ఆ లైన్లను వదిలేయమన్నాను.

దాంతోపాటే ఉత్తరం నమూనా ఒకటి చేసుకున్నాను. ఒక మీట నొక్కితే ‘నమస్కారమండీ, ★ గారికి’ అని, చివర తెలుగులో నా పేరు, పని వివరాలు వస్తాయి. ఇంగ్లీషు ఉత్తరానికి వేరే మీట. ఆ నక్షత్రం స్థానంలో పేరు రాయాలి. ఒక్క నక్షత్రం మిగిలినా ఉత్తరం వెళ్ళదు. పాత ఉత్తరాన్ని కాపీ చేసి ఒకరి పేరుతో ఇంకొకరికి పంపే ప్రమాదం దీంతో పోయింది. మనిషి పేరు తప్పు రాయడం ఫైలు మరవడం కన్నా పెద్ద అమర్యాద అని నా ఉద్దేశం.

ఎవరికి అన్న గడిని మాత్రం ఇప్పుడు చివర్లోనే నింపుతున్నాను. ఉత్తరం అంతా చదివి, ఫైలు తెరిచి ఒకసారి చూసి, అప్పుడు చిరునామా.

నెల తర్వాత ప్రెస్సు పని ఇచ్చిన ఆయనే ఇంకో పుస్తకం పంపారు. కొంత పూర్తిచేసి ‘మొదటి మూడు అధ్యాయాలు జతచేశాను’ అని రాసి కంట్రోల్ సి రెండుసార్లు నొక్కాను. కింద ప్రశ్న వచ్చింది: ఫైలు లేదు, అయినా పంపాలా? కాదని చెప్పి, ఫైలు పెట్టి పంపాను. పది నిమిషాల్లో ‘అందిందమ్మా’ అని జవాబు వచ్చింది.

మొన్న ఒకటి తప్పించుకుంది. ‘దీంతోపాటు బిల్లు పంపుతున్నాను’ అని రాశాను, బిల్లు పెట్టలేదు, అది అడగలేదు. ఆ సాయంత్రమే పరీక్ష వెతికే మాటల జాబితాలో ‘దీంతోపాటు’, ‘ఇందువెంట’ చేర్చాను.