సంచిలో రెండు రాళ్ళు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

"దొంగ త్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." సామెతలు 11:1. గాజువాక దగ్గర మాది ఐరన్, సిమెంట్ షాపు, నాన్నగారు పెట్టింది. ఈ వాక్యం ఆయన పెయింటర్‌తో గోడ మీద రాయించారు, సరిగ్గా కాటా పైన. రోజూ షట్టర్ తీసి ఆ వాక్యం కింద నిలబడి ప్రార్థన చేసుకునే వ్యాపారం మొదలుపెడతాను. మా కాటాకి తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ప్రతి ఏడాదీ పడుతుంది, ఏ రోజూ అందులో గ్రాము కూడా అటూ ఇటూ చెయ్యలేదు, కాబట్టి ఈ వాక్యం విషయంలో నాకు ఏ భయమూ లేదు అనుకునేవాణ్ణి.

పోయిన సంవత్సరం మార్చి 31కి స్టాక్ లెక్క కట్టడానికి మా పాపని కూర్చోబెట్టాను, బీకాం చదువుతోంది. ఓపెనింగ్ స్టాకూ ఏడాదంతా కొన్నదీ కలిపి ఇనుప రాడ్లు 190 టన్నులు, బిల్లుల్లో అమ్మింది 186, అంటే గొడౌన్లో 4 టన్నులు ఉండాలి, తూయిస్తే 11 వచ్చింది. మూడుసార్లు కూడింది పాపం, తనే ఎక్కడో తప్పు చేసిందనుకుని. "నాన్నా 7 టన్నులు ఎక్కువొస్తోంది" అంది. అది తూకంలో మిగులమ్మా, ఈ లైన్లో అందరికీ ఉంటుంది అన్నాను. "మరి ఎవరికి తగ్గింది?" అని అడిగింది. ఎదురు మాట్లాడాలని కాదు, లెక్కలో ఎక్కడ రాయాలో తెలీక అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఈ లైన్లో లేనివాళ్ళకి చెప్తాను, ఎందుకంటే రేపు మీరూ ఇల్లు కట్టుకుంటారు. రాడ్డు బరువుకి ఒక లెక్క ఉంది, రాడ్డు మందం ఎన్ని ఎంఎం ఉందో దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది. 8 ఎంఎం అయితే మీటరుకి 395 గ్రాములు, 12 మీటర్ల రాడ్డు, అదే మనం 40 అడుగుల రాడ్డు అంటాం కదా, అది 4.74 కేజీలు. ఇది చార్టు బరువు. కానీ మిల్లులో రోలింగ్ అయ్యేటప్పుడు కాస్త సన్నగా వస్తే అదే రాడ్డు 4.4 కేజీలే తూగుతుంది. మిల్లు నుంచి మేము లారీని కాటా వేయించి అసలు బరువుకి కొంటాం. షాపులో మాత్రం పీసులు లెక్కపెట్టి చార్టు బరువుకి బిల్లు వేస్తాం. 100 రాడ్లకి బిల్లులో 474 కేజీలు, బండి మీదకి వెళ్ళేది 440. కేజీ 60 రూపాయలు వేసుకున్నా 2,040 రూపాయలు, ఒక్క బిల్లులో, ఇవ్వని ఇనుముకి.

ఇది చట్టం ఒప్పుకున్నదే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఈ రాడ్లకి మన దేశంలో పెట్టిన ప్రమాణం ఐఎస్ 1786, అందులో 8, 10 ఎంఎంకి బ్యాచ్ బరువు మీద 7 శాతం అటూ ఇటూ వెసులుబాటు ఉంది, 12, 16 ఎంఎంకి 5 శాతం. నిజమే, కానీ ఆ వెసులుబాటు మిల్లులో రోలింగ్‌లో వచ్చే తేడా కోసం ఇచ్చింది. ఆ తేడాని షాపువాడు జేబులో వేసుకోమని ఎక్కడా లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్ తీస్తే ద్వితీయోపదేశకాండము 25లో ఆగిపోయాను. హెచ్చుతగ్గులుగల వేరు వేరు తూనికె రాళ్లు నీ సంచిలో ఉంచుకొనకూడదు, అని 13వ వచనం. ఆ రోజుల్లో తూకానికి నిజంగా రాళ్ళే వాడేవాళ్ళు, యూదా దేశం తవ్వకాల్లో సున్నపురాయితో చేసిన గుండ్లు దొరికాయి, పైన గుండ్రంగా కింద చదునుగా, బరువు గుర్తు చెక్కి. ఒక షెకెలు అంటే దాదాపు 11 గ్రాములు. వ్యాపారి వాటిని సంచిలో వేసుకుని తిరిగేవాడు. మోసం చేసేవాడి సంచిలో రెండు రకాలు ఉండేవి, కొనేటప్పుడు పెద్దరాయి, అమ్మేటప్పుడు చిన్నరాయి. అది చదివి లేచి కూర్చున్నాను. కొనడానికి లారీ కాటా, అమ్మడానికి గోడమీద చార్టు. నా సంచిలోనూ రెండు రాళ్ళున్నాయి. రాళ్ళు రెండూ విడివిడిగా చూస్తే కరెక్టే, కాటా అబద్ధం చెప్పదు, చార్టూ తప్పు కాదు, ఇంజనీర్లు ఎస్టిమేట్ వేసేది దానితోనే. కొనేటప్పుడు ఒకటి అమ్మేటప్పుడు ఒకటి పట్టుకున్న చెయ్యి నాది.

ఇంకోటి కూడా గమనించండి, వాడకూడదు అని కాదు ఉంచుకోకూడదు అంటున్నాడు దేవుడు. దగ్గరుంటే ఏదో ఒక రోజు చెయ్యి వెళ్తుంది, డిమాండ్ లేని నెలలో, స్కూల్ ఫీజులు కట్టాల్సిన జూన్‌లో. సామెతల్లో "సరియైన గుండు" అన్నచోట హీబ్రూలో ఉన్నది ఎబెన్ షెలేమా, నిండైన రాయి అని. షాలోమ్, మనం సమాధానం అంటామే, అదీ ఇదీ ఒకే ధాతువు. పాప అడిగినప్పటి నుంచి నాకు లేనిది అదే.

ఆ అధ్యాయంలో తూకాల మాట 16వ వచనంతో అయిపోతుంది, వెంటనే 17లో అమాలేకీయుల సంగతి వస్తుంది. ఈ రెండిటికీ ఏం సంబంధమా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. అమాలేకీయులు ఏం చేశారు, ఇశ్రాయేలీయుల ప్రయాణంలో అలసిపోయి వెనకబడిన బలహీనుల్ని వెనకనుంచి కొట్టారు. మా షాపులో చూస్తే 20 టన్నులు తీసుకునే కాంట్రాక్టరు ఎప్పుడూ తూకానికే కొంటాడు, వాడి సూపర్‌వైజర్ కాటా దగ్గరే నిలబడతాడు, వాడికి ఒక్క కేజీ తగ్గదు. పీసు లెక్కకి కొనేది ఎవరు? పెందుర్తి అవతల రెండు గదులు వేసుకునే ఆటో డ్రైవరు, సబ్బవరం నుంచి వచ్చి చీటీ పాడిన డబ్బు కొంగులోంచి విప్పి లెక్కపెట్టి ఇచ్చే అమ్మ. వాళ్ళకి చార్టు తెలీదు, మేస్త్రి ఇన్ని రాడ్లు తెమ్మన్నాడు అంతే. ఆ 7 టన్నులూ వెనకబడిన వాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారని చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాణ్ణి, ఆ ఉక్కు ఊళ్ళోనే పేదవాడికి ఇనుము తక్కువిచ్చాను.

రాయడానికి అన్నిటికన్నా కష్టమైన మాట ఇప్పుడు రాస్తున్నాను. రెండేళ్ళ కింద మా మందిరం స్లాబుకి రాడ్లు నేనే ఉచితంగా ఇచ్చాను. ఆదివారం ఆరాధనలో నా పేరు చెప్పి అందరూ స్తోత్రం అన్నారు, మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ఇనుము ఇలాంటి మిగుల్లోదే. పాస్టర్ గారి దగ్గరకెళ్ళి ఇదంతా చెప్పి, ఈ ఏడాది మిగులు కూడా 4 లక్షల 20 వేలు అవుతుందయ్యగారూ, మొత్తం కానుకగా ఇచ్చేస్తాను, మనసు తేలికవుతుంది అన్నాను. ఆయన తీసుకోనన్నారు. మత్తయి 5లో ప్రభువు ఏం చెప్పాడు, అర్పణ బలిపీఠం ముందు వదిలిపెట్టి మొదట వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడు అన్నాడు కదా, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి అన్నారు. ఇంటికెళ్ళి లూకా 19 చదవండి, సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్న డబ్బు దేవాలయానికి ఇచ్చినట్టు ఎక్కడైనా ఉందేమో చూడండి అన్నారు.

లేదు. సగం ఆస్తి బీదలకి, అన్యాయంగా తీసుకున్నది ఎవరిదైతే వాళ్ళకే నాలుగింతలు. ధర్మశాస్త్రంలో లేవీయకాండము 6 ప్రకారం తనే ఒప్పుకున్నవాడు అసలుకి అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. జక్కయ్య నాలుగింతలు ఇస్తాననడానికి ముందు ప్రభువు అతన్ని ఏమీ అడగలేదు, నీ ఇంటికి వస్తాను అన్నాడంతే.

ఈ కథ మన ఊరికి ఇంకా దగ్గరది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపితే జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే క్రైస్తవుడైన బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి, అప్పటికే వాళ్ళిద్దరూ లేరు. అచ్చు చూడకుండానే వెళ్ళిపోయిన వాళ్ళ కష్టంతో జక్కయ్య మాటలు మన భాషలోకి వచ్చాయి, నేను ఇన్నేళ్ళు అది సండే స్కూల్ పిల్లల కథ అనుకున్నాను.

ఏప్రిల్ నుంచి ప్రతి రాడ్డూ తూకానికే అమ్ముతున్నాం. కేజీకి రెండున్నర రూపాయలు పెంచాల్సొచ్చింది. పక్క షాపులో తక్కువ కదా అంటారు, అక్కడ చార్టు బరువు ఇక్కడ అసలు బరువు అని చెప్పేలోపు వెళ్ళిపోతారు కొందరు. ముగ్గురు మేస్త్రీలు రావడం మానేశారు. అమ్మకం తగ్గింది, ఇంకా పూర్తిగా కోలుకోలేదు. నీతిగా ఉంటే దేవుడు రెండింతలిస్తాడు అని సాక్ష్యాల్లో చెప్తారు, నాకు అలా జరగలేదు, అలా జరుగుతుందని మీకు చెప్పను.

పాత బిల్లులు తీసి పాపా నేనూ పీసు లెక్కకి కొన్నవాళ్ళ పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాశాం. ఫోన్ నంబరు ఉన్నవాళ్ళకి చేస్తున్నాం, మొదట చాలామంది ఏదో మోసం అనుకుని కట్ చేశారు. ఇప్పటికి 23 మందికి అందింది, తగ్గిన బరువు డబ్బూ దాని మీద అయిదో వంతూ. నాలుగింతలు ఇచ్చే స్తోమత ఇప్పుడు లేదు. సబ్బవరం అమ్మ బిల్లు మీద నంబరు లేదు, మేస్త్రి పేరు ఒక్కటే ఉంది, అతను పని మీద ఒడిశా వెళ్ళాడట. ఆవిడ కవరు కాటా పక్క సొరుగులో ఉంది. మా దగ్గర పీసు లెక్కకి రాడ్లు కొన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బిల్లు లేకపోయినా పర్లేదు, ఎప్పుడు కొన్నారో ఎన్ని రాడ్లో చెప్పండి, మాకు బుక్‌లో దొరుకుతుంది. ఆదివారం తప్ప రోజూ తొమ్మిదికి తీసి ఉంటుంది.