ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత ఇంకొకరా? అమెరికాలో ముందుగా చూసుకోవాల్సినవి

"వాడికి ఒక తోడు ఉండాలి కదమ్మా, మీ తర్వాత ఎవరు చూస్తారు?" ఇంటి నుంచి వచ్చే ప్రతి వీడియో కాల్‌లోనూ ఈ మాట వస్తుంది. దాని వెనక ఉన్నది ప్రేమే. కానీ రెండో బిడ్డను కనడానికి అదొక్కటే కారణమైతే ఆగిపోవడం మంచిది. పెద్దవాడి బాధ్యత మోయడానికే ఒక బిడ్డను భూమ్మీదకు తేవడం ఆ బిడ్డకు అన్యాయం. మన తర్వాతి ఏర్పాటు స్పెషల్ నీడ్స్ ట్రస్టుతో (ప్రభుత్వ సాయం పోకుండా బిడ్డ కోసం డబ్బు ఉంచే ఏర్పాటు), విల్లులో రాసే గార్డియన్ పేరుతో జరగాలి. రెండో బిడ్డ ఉన్నా లేకపోయినా ఆ కాగితాలు తప్పవు. తాతగారు ముచ్చటపడి మనవడి పేరునే డబ్బు వేస్తే, అది 2,000 డాలర్లు దాటాక వాడికి ఎస్ఎస్ఐ (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) అర్హత పోతుంది. ఆ డబ్బు ట్రస్టులోకే వెళ్లాలి.

ఇక వైద్యం సంగతి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత పుట్టే బిడ్డకు కూడా ఆటిజం వచ్చే అవకాశం సుమారు 20 శాతం. పుట్టేది అబ్బాయైతే 25, అమ్మాయైతే 13. ఆటిజం ఉన్న పెద్దబిడ్డ అమ్మాయైతే అది 35 శాతానికి చేరుతుంది. ఇవి సగటు లెక్కలు. మీ ఇంటి లెక్క తెలియాలంటే జన్యు పరీక్షలు కావాలి, అవీ గర్భం రాకముందే. మొదట పరీక్ష చేయాల్సింది తల్లిదండ్రులకు కాదు, బిడ్డకు: క్రోమోజోముల్లో తప్పిపోయిన, ఎక్కువైన ముక్కలు చూసే క్రోమోజోమల్ మైక్రోఅర్రే, ఎక్స్ క్రోమోజోమ్‌లోని ఒక జన్యువులో మార్పు చూసే ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష, అవసరమైతే జన్యువులన్నిటినీ చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్. బిడ్డలో ఏదైనా మార్పు దొరికితే అదే మార్పు అమ్మానాన్నల్లో ఉందేమో చూస్తారు. ఇద్దరిలోనూ లేకపోతే, అంటే అది బిడ్డలోనే కొత్తగా వచ్చినదైతే, ఆ మార్పు మళ్లీ వచ్చే అవకాశం 1 శాతం దాకా పడిపోతుంది. తల్లి ఫ్రాజైల్ ఎక్స్ క్యారియర్ అని తేలితే, మార్పు ఉన్న జన్యువు ప్రతి కాన్పులోనూ బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఏమీ దొరకలేదంటే ముప్పు లేదని కాదు, పై సగటు అలాగే ఉంటుంది. జెనెటిక్స్ అపాయింట్‌మెంట్లకు నెలలు పడుతుంది కాబట్టి ఇప్పుడే అడగండి. ఇంకో మాట: జన్యు సమాచారం ఆధారంగా హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించకుండా ఫెడరల్ చట్టం కాపాడుతుంది గానీ, ఆ చట్టం లైఫ్ ఇన్సూరెన్స్‌కు వర్తించదు. పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే మీ పరీక్షలకు ముందే తీసుకోండి.

అసలు చిక్కు ప్రసవం తర్వాతి వారాల్లో ఉంది. సిజేరియన్ అయితే కొన్ని వారాల పాటు పసిబిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దంటారు. పార్కింగ్ స్థలంలో 22 కిలోల పెద్దవాడు మెల్ట్‌డౌన్‌లో (తట్టుకోలేక అదుపు తప్పినప్పుడు) నేల మీద పడుకుంటే ఎవరు లేపుతారు? థెరపీకి ఎవరు డ్రైవ్ చేస్తారు? రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీసేవాడైతే, పాలిస్తున్న తల్లి వాడి వెనక పరిగెత్తలేదు. ఈ మూడింటికీ మనిషి పేరు రాసుకోండి. "అమ్మ వస్తుంది" అన్నది జవాబు కాదు. అమ్మ పత్యం వంట చేస్తుంది, పసిపాపకు నూనె రాసి స్నానం పోస్తుంది, కానీ ఆరేళ్లవాడి వెంట వీధిలోకి పరిగెత్తడం, కారు నడపడం ఆమె వల్ల కాదు. అందుకే పసిబిడ్డ, వంట అమ్మమ్మకు, పెద్దవాడు నాన్నకు. వారానికి కనీసం కొన్ని గంటలు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి కూడా ఉండాలి, ఆ మనిషి వాడికి ప్రసవానికి ముందే అలవాటై ఉండాలి.

అమ్మమ్మ డెలివరీ తేదీకి కనీసం ఆరు వారాల ముందు వస్తే మేలు. వాడు మాటకు బదులు వాడే టాబ్లెట్‌లో "నీళ్లు", "చాలు", "బయటికి" ఎక్కడున్నాయో, పెరుగన్నం ఏ గిన్నెలో పెడితేనే తింటాడో అన్నీ ఆమెకు చేయించి చూపించాలి. టాబ్లెట్‌లో తెలుగు మాటలు కూడా పెట్టి ఆమె గొంతుతోనే రికార్డు చేయిస్తే పని సులువవుతుంది. బీ-2 (విజిటర్) వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అత్తగారి వైపు వాళ్లు ఆ తర్వాత వస్తే దాదాపు ఏడాది గడుస్తుంది. అందరూ ఒకేసారి వస్తే ఇల్లు కిక్కిరిసి వాడికే ముందు ఇబ్బంది.

నెలలు పూర్తిగా మన చేతిలో ఉండవు. అయినా జూన్, జూలై కాన్పులు తప్పించగలిగితే మంచిది. అప్పుడు బడి ఉండదు, పెద్దవాడు రోజంతా ఇంట్లోనే. మూడేళ్లకు ఎర్లీ ఇంటర్వెన్షన్ (మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలకు ప్రభుత్వం ఇచ్చే సేవలు) నుంచి బడికి మారే సమయం, కిండర్‌గార్టెన్ మొదలయ్యే సమయం కూడా అంతే. ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల ఫెడరల్ చట్టం) కింద భార్యాభర్తలు వేర్వేరు కంపెనీల్లో ఉండి అర్హులైతే ఒక్కొక్కరికి 12 వారాల సెలవు ఉంటుంది, జీతం గ్యారంటీ లేదు. బిడ్డ కోసం తీసుకునే ఆ సెలవును ముక్కలు చేయాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే నాన్న సగం దాచుకుని అమ్మమ్మ వెళ్లిపోయిన వారంలో వాడుకోవాలి. ఇల్లు తలకిందులయ్యేది సరిగ్గా ఆ వారమే.

మెడికెయిడ్ వైవర్ (వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే సేవలు ఇచ్చే రాష్ట్ర పథకం) జాబితాలో పెద్దవాడి పేరు ఈ నెలలోనే పెట్టండి. టెక్సాస్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి నిరీక్షణ. అమెరికాలో పుట్టిన బిడ్డ అయితే అమ్మానాన్నలు హెచ్-1బీ మీద ఉన్నా తన పౌరసత్వం మీదే అర్హత చూస్తారు. ఇండియాలో పుట్టి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న బిడ్డకు ఇది అందుతుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. కాలిఫోర్నియాలో ఈ పిల్లలకు సేవలు ఏర్పాటు చేసే రీజనల్ సెంటర్లు మాత్రం వీసా చూడవు. బడిలో ఐఈపీకి (బిడ్డ అవసరాల ప్రకారం బడి రాసిచ్చే ప్రత్యేక విద్యా ప్రణాళిక) ఎక్కడైనా వీసాతో పని లేదు. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే వైవర్ వెంట రాదు, అక్కడ మళ్లీ వరుస చివర్నుంచే. కాన్పు ఏడాదిలో రాష్ట్రం మారే ఆలోచన ఉంటే రెండింటిలో ఒకటి వాయిదా వేయాలి.

రెండోవాడు పుట్టాక "అప్పుడే ఏం తెలుస్తుంది" అని ఆగొద్దు. ప్రతి బిడ్డకూ 18, 24 నెలలకు ఆటిజం స్క్రీనింగ్ చేస్తారు. మీకు అంతకుముందే అనుమానం వస్తే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టర్ చీటీ అక్కర్లేదు. పరీక్ష ఉచితం, మీరు అడిగిన 45 రోజుల్లో అది పూర్తయి మొదటి ప్లాన్ మీటింగ్ జరగాలి.

ఇప్పుడు కాదు అనుకుంటే అది కూడా పూర్తి నిర్ణయమే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే "చూద్దాంలే" అంటూ జాగ్రత్తలు వదిలేస్తే, అలిసిపోయిన ఒక నెలలో నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది. ఐయూడీ (గర్భం రాకుండా గర్భాశయంలో పెట్టే చిన్న సాధనం) రకాన్ని బట్టి 3 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది, మనసు మారితే తీయించుకోవచ్చు. మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవాలో ఇప్పుడే అనుకోండి: వాడు రాత్రి ఆరు గంటలు ఏకధాటిగా పడుకున్నాకనా, టాయిలెట్ అలవాటయ్యాకనా, కొత్త బడిలో కుదురుకున్నాకనా. మీ ఇద్దరూ ఎవరికి వారు విడిగా రాసుకుని, తర్వాత కాగితాలు మార్చుకుని చదవండి.