దారి ముందు, మొక్కలు తర్వాత

తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకల కోసం స్థానిక మొక్కల తోట వేసి, మధ్యలో నడక దారి పెట్టాలనుకున్నప్పుడు మేం ముందు మొక్కలు నాటి, దారి సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. జనం అడ్డదారిన తొక్కిన చోట నేల గట్టిపడి నారు చచ్చింది. దారి గీత ఖాయమయ్యాకే మొక్కల జాగా తేలుతుంది. రెండోసారి ఆ వరసలోనే చేశాం.

వాన పడుతుండగా నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి, తెరిపిచ్చాక సున్నంతో గీత గీశాం. దారి వాలు పక్క నేల వాలులో సగం మించితే నీళ్లు దారినే కాలవ చేసుకుంటాయి. వెడల్పు 1.2 మీటర్లు, చక్రాల కుర్చీ తిరగాల్సిన చోట 1.5 మీటర్లు. 15 సెంటీమీటర్లు తవ్వి, అడుగున 10 సెంటీమీటర్లు కంకర, పైన 5 సెంటీమీటర్లు రాతిపొడి పోసి, తడిపి దిమ్మిస కొట్టాం. అడ్డంగా 2 శాతం వాలు ఉండాలి. అంటే 1.2 మీటర్లకు రెండున్నర సెంటీమీటర్లలోపే, కానీ అదే దారిని కాపాడుతుంది. మేం మొదట రెండువైపులా రాళ్లు ఎత్తుగా పాతాం. నీళ్లు బయటికి పోలేక రాతిపొడి మొత్తం కొట్టుకుపోయింది. పల్లం వైపు రాళ్లను దారి మట్టానికి దించాక సరిపోయింది.

కలుపు తీయడానికి ఎండాకాలంలో నేల తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టిలో పూడ్చి ఆరు వారాలు వదిలేశాం. వయ్యారిభామ మొలకలు మాడిపోయాయి. తుంగ మాత్రం దీనికి లొంగదు, దాని గడ్డలు లోతున ఉంటాయి. గునపంతో తవ్వి ఏరాల్సిందే. పట్టా వేడికి నేలలో గూడు కట్టుకున్న తేనెటీగలు కూడా చస్తాయి కాబట్టి మొత్తం జాగా ఒకేసారి కప్పకండి, ముక్కలు ముక్కలుగా చేయండి.

తంగేడు గింజ తోలు గట్టిది. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించాక గింజలు వేసి రాత్రంతా ఉంచాలి. ఉబ్బినవి విత్తాలి, ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టాలి. తుమ్మి గింజలు సన్నం. ఒక వంతు గింజకు ఐదు వంతుల పొడి ఇసుక కలిపి చల్లి, అరచేత్తో అదిమితే చాలు, పూడ్చకూడదు. తుమ్మిలాంటి పొట్టి మొక్కలు దారి పక్కన, తంగేడు పొదలు దారికి మీటరున్నర దూరంలో. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి దాన్ని ఇంకా లోపలికి నాటాలి. ఏ రకమైనా ఒక్కొక్కటి చెదరగొట్టకుండా, మీటరు మేర గుంపుగా నాటితే మంచిది. తేనెటీగ ఒక తిరుగుడులో ఎక్కువగా ఒకే రకం పూల మీదే తిరుగుతుంది. రేకలు ముద్దగా ఉండే రకాలు వద్దు. వాటిలో కేసరాలు రేకలుగా మారిపోయి పుప్పొడి దాదాపు ఉండదు. లంటానా మీద సీతాకోకచిలుకలు మూగుతాయి నిజమే, కానీ అది బయటినుంచి వచ్చి అడవుల్ని కమ్మేసిన మొక్క. మేం వేయలేదు.

నర్సరీ మొక్కలు కొంటే ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి పురుగుమందు మట్టిలో పోశారా అని తప్పక అడగండి. ఆ మందు వేరునుంచి ఎక్కి మకరందంలో, పుప్పొడిలో చేరుతుంది. మేం అడగకుండా తెచ్చిన ఒక విడత మొక్కల మీద గొంగళి పురుగులు రెండు రోజుల్లో వాడి రాలిపోయాయి. అప్పట్నుంచి నారు మేమే పోసుకుంటున్నాం.

ఆకులు తినే పురుగుల్ని చూసి కంగారుపడకూడదు. రేల, తంగేడు ఆకులు తినేవి లేతపసుపు సీతాకోకచిలుకల పిల్లలే. జిల్లేడు ఆకు తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపున మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి పోగులతో ఒక పురుగు కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే నారింజరంగు సీతాకోకచిలుక రాదు.

గూళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ఒంటరిగా బతికే తేనెటీగల్లో ఎక్కువ జాతులు నేలలోనే గూడు కడతాయి. ఎండ తగిలే వాలులో రెండు మూడు చదరపు మీటర్లు ఏమీ వేయకుండా, ఆకులు కప్పకుండా, తవ్వకుండా వదిలేయాలి. మొదట తోటంతా ఎండుగడ్డి పరిచాం, ఒక్క గూడూ రాలేదు. ఒక చోట గడ్డి తీసేశాక పెన్సిలంత రంధ్రాలు, వాటి చుట్టూ చిన్న మట్టి పోగులు మొదలయ్యాయి. అక్కడ నీళ్లు పారించకూడదు, నడక దారిని పక్కకు మళ్లించాలి. కట్టెలో గూడు కట్టే తేనెటీగల కోసం రంధ్రాలు చేస్తే 4 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు, వెనకవైపు మూసి ఉండాలి. మందు పూయని కట్టె కావాలి. నోరు గరుకుగా ఉంటే రెక్కలు చిరుగుతాయి. వాడిన కట్టెను ఏటా మార్చాలి, లేకపోతే పరాన్నజీవులు, బూజు చేరతాయి. ఎండిన కాడల్ని మొదలంటా కోసేయకుండా 30 సెంటీమీటర్ల మోడు ఉంచుతాం.

తంగేడు పువ్వు దగ్గర కాసేపు కూర్చోండి. దాని కేసరాలు కొసనున్న సన్న రంధ్రంలోంచే పుప్పొడి వదులుతాయి. నల్ల తుమ్మెద పువ్వును కౌగిలించుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లు వణికిస్తుంది. ఎగిరేటప్పటి జుమ్మనే చప్పుడు ఒక్కసారిగా సన్నబడి ఈలలా మారుతుంది, పసుపు పొడి దాని కడుపు మీద కురుస్తుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. అందుకే మేం ఎండు వెదురు గడలు కొన్ని పొదల మధ్య కట్టి ఉంచాం, తుమ్మెద తొలుచుకోవడానికి.