35 సిట్టింగుల్లో మొదటి అయిదు

గొంతు క్యాన్సర్ అని తేలాక మా ఆయనకి 35 సిట్టింగులు రేడియేషన్ రాశారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఏడు వారాలు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘కరెంటు పెడతారట కదా, ఒళ్లు కాలిపోతుందట’ అన్నవాళ్లే. దాంతో పుండ్లకి ఏం రాయాలి, నొప్పికి ఏం వేయాలి అని ఒక నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. మొదటి వారంలో ఆ పుస్తకం తెరిచే పనే పడలేదు.

అసలు ఇబ్బంది మాస్క్‌తో వచ్చింది.

రేడియేషన్ మొదలుకాక ముందే సిమ్యులేషన్ అని పిలిచారు. మాస్క్ చేసి, అది పెట్టే సీటీ స్కాన్ తీస్తారు. చేసేటప్పుడు నన్నూ లోపలికి రానిచ్చారు. జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకని వేడినీళ్ల తొట్టిలో వేసి, మెత్తబడ్డాక ముఖం మీంచి భుజాల దాకా లాగి బల్లకి బిగించారు. కాసేపటికి చల్లారి, ఆయన ముఖం అచ్చులా గట్టిపడింది. రోజూ తల కదలకుండా, అదే చోట ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు. నిలబడి చూస్తున్న నాకు సబబుగానే అనిపించింది. బయటికొచ్చాక ఆయన నుదుటి మీద, ముక్కు మీద జల్లెడ గళ్లు అచ్చుపడి ఉన్నాయి. “ఎలా ఉందండీ?” అంటే “బానే ఉంది” అన్నారు. ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుని, “గుటక వేయలేకపోయానే” అన్నారు.

మొదటి రోజు ఇరవై నిమిషాలన్నది నలభై దాటింది. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. లోపల ఏదో అయిందనుకుని నా చేతులు చల్లబడ్డాయి. పక్క కుర్చీలో ఉన్నావిడ, “మొదటిరోజు ఇంతేనమ్మా, ముందు ఫొటోలు తీసి సరిచూసుకుంటారు” అంది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో!

మంగళవారం, ఆయన వద్దంటున్నా, గుటక సంగతి టెక్నీషియన్‌కి చెప్పేశాను. ఆయనకి కోపం వచ్చింది. రానీ. ఆ అబ్బాయి మాత్రం బల్ల పక్కనే నిలబడి ఓపిగ్గా చెప్పాడట: “మేం బయటికి వెళ్లినా కెమెరాలో చూస్తూనే ఉంటాం సార్. చెయ్యెత్తితే చాలు, ఆపేసి వచ్చేస్తాం. మెషిన్ మీ చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది, అంతే.” రెండుసార్లు అని తెలియడంతో ఆయనకి పట్టు దొరికింది. అప్పటినుంచి లోపల చుట్లు లెక్కపెట్టుకుంటున్నారు. కిరణాలు పడుతున్నప్పుడు నొప్పీ లేదు, వేడీ లేదు, చప్పుడు తప్ప ఏమీ తెలియదట.

నా తప్పు ఒకటుంది. బయటికి రాగానే ‘ఎలా ఉంది, మంటగా ఉందా, తల తిరుగుతోందా’ అని వరసపెట్టి అడిగేదాన్ని. మూడోరోజు, “రాగానే అడక్కు. కారెక్కాక నేనే చెప్తాను” అన్నారు. కాస్త నొచ్చుకున్నాను గానీ, నిజంగానే కారెక్కాక ఆయనే చెప్పేవారు.

ఇంకో సంగతి. ఎవరో చెప్పిన మాట పట్టుకుని మనవరాలిని దగ్గరికి రానివ్వడం మానేశారు. నాకు తెలియనే లేదు, నీరసమేమో అనుకున్నాను. గురువారం డాక్టర్‌గారిని అడిగితే, బయటి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదని, పాపని నిక్షేపంగా ఎత్తుకోవచ్చని చెప్పారు. నోటిపూత, రుచి పోవడం, నోరు ఎండిపోవడం లాంటివి సాధారణంగా రెండు మూడు వారాలకి మొదలవుతాయట. అందుకే తినగలిగినప్పుడే బాగా తినమన్నారు. మనిషి చిక్కితే మాస్క్ వదులై మళ్లీ కొత్తది చేయాల్సి రావచ్చు. సిట్టింగ్‌కి ముందు మెడకి క్రీములు వద్దు, బ్లేడుతో గీసుకోవద్దు అన్నారు. నోటుపుస్తకంలో పాత పేజీలు కొట్టేసి ఇవి రాసుకున్నాను.

శుక్రవారం కారెక్కి, “ఇవాళ రెండో చుట్టు తొందరగా అయిపోయినట్టనిపించింది” అన్నారు.

శనివారం సిట్టింగ్ లేదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నన్ను పిలిచి, నుదుటి మీద గళ్లు పోయాయో లేదో చూడమన్నారు. పోయాయి.